ఫ్రేముకు పేరా? కాలానికి కొలతా?

టీవీ కార్యక్రమాలు ఎడిట్ చేసే గదిలోకో, డబ్బింగ్ థియేటర్లోకో ఎప్పుడైనా అడుగు పెట్టారా? పెట్టి ఉంటే తెర కింద ఒక మూల గబగబా పరుగెత్తే ఎనిమిది అంకెలు మీ కంట పడే ఉంటాయి. ఉదాహరణకు 01:23:45:12. మొదటి జత గంటలు, రెండోది నిమిషాలు, మూడోది సెకండ్లు. నాలుగో జత, ఆ సెకండులో అది ఎన్నో బొమ్మో చెబుతుంది. వీడియో అంటే ఒకదాని వెనక ఒకటి వేగంగా కనిపించే నిశ్చల చిత్రాలే కదా. ఒక్కో చిత్రాన్ని ఫ్రేము అంటారు. మన దేశపు టెలివిజన్‌లో సెకండుకు 25 ఫ్రేములు. కాబట్టి చివరి జత 00 నుంచి 24 దాకా పోయి, మళ్లీ 00 దగ్గరికి వస్తుంది. ఈ అంకెల వరసనే టైమ్‌కోడ్ అంటారు.

చూడటానికి గడియారంలా ఉంది. నడక కూడా గడియారం నడకే. కానీ ఇది గడియారం కాదు. ఒక్కో ఫ్రేముకు పెట్టిన పేరు మాత్రమే. బడిలో రోల్ నంబరు 12 అంటే ఆ పిల్లవాడి వయసు 12 అని కాదు గదా! పేరును పేరుగా వాడినంత కాలం టైమ్‌కోడ్ చక్కగా పనిచేసింది. దాన్ని కాలానికి కొలతగా కూడా వాడబోయినప్పుడల్లా చిక్కులు వచ్చాయి. ఈ రెండింటి తేడాను వీడియో ఫైళ్లు ఎంతవరకు పాటించాయో, ఎక్కడ మరిచిపోయాయో పరిశీలించడమే ఈ వ్యాసం పని.

ముందు ఈ పేర్లు పెట్టవలసిన అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం. సినిమా ఫిల్మును వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే బొమ్మలు కనిపిస్తాయి. అంచున అచ్చయిన అంకెలు కూడా ఉంటాయి. కత్తిరించవలసిన చోటు కంటికి తెలుస్తుంది. వీడియో టేపులో అలా కాదు. అదంతా గోధుమరంగు పూత. ఎంత తేరిపార చూసినా ఏ బొమ్మ ఎక్కడుందో తెలియదు. అందుకని 1960ల చివర అమెరికాలో ఇంజనీర్లు ప్రతి ఫ్రేముకూ ఒక పేరు పెట్టి, దాన్ని కూడా టేపు మీదే రాసే పద్ధతి కనిపెట్టారు. 1970లలో అక్కడి సినిమా, టెలివిజన్ ఇంజనీర్ల సంఘం ఎస్.ఎం.పి.టి.ఈ. దాన్ని ప్రమాణంగా స్వీకరించింది. యూరప్ ప్రసార సంస్థలూ అదే బాట పట్టాయి.

ఆ రాత ఎలా ఉంటుందంటారా? ఒక్కో ఫ్రేముకు 80 బిట్లు. బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే చిన్న గడి అనుకోండి. 80 గడుల్లో చివరి 16 గడులు, ఒక ఫ్రేము రాత ఎక్కడ ముగిసిందో గుర్తు పట్టడానికి. 32 గడులు వాడేవారి ఇష్టానికి ఖాళీగా వదిలారు. ఆరు గడుల్లో చిన్న చిన్న సూచనలు. అసలు అంకెలకు మిగిలినవి 26 గడులు. ఈ 80 బిట్లనూ శబ్దంలా మార్చి, టేపులో పాటలూ మాటలూ రికార్డయ్యే పట్టాల్లో ఒకదాని మీద ఎక్కించేవారు. స్పీకరుకు కలిపి వింటే చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది.

ఆ 26 గడుల దగ్గర కాసేపు ఆగుదాం. ఎందుకంటే ఇంజనీర్లు అక్కడే ఒక బేరం కుదుర్చుకున్నారు. వాళ్లు ఫ్రేములను 1, 2, 3 అంటూ వరసగా లెక్కపెట్టి ఆ సంఖ్యను రాయలేదు. తెర మీద కనిపించే ఎనిమిది అంకెలను దేనికది విడిగా రాశారు. గంటల పదుల స్థానానికి రెండు గడులు, ఒకట్ల స్థానానికి నాలుగు. నిమిషాలకు మూడూ నాలుగూ, సెకండ్లకు మూడూ నాలుగూ, ఫ్రేములకు రెండూ నాలుగూ. కూడి చూడండి, 26 వస్తుంది.

దీనివల్ల లాభమేమిటి? ఆనాటి యంత్రాల్లో కంప్యూటర్లు లేవు. అంకెలు విడివిడిగా ఉంటే భాగహారాలు చేయనక్కర లేకుండా చిన్న సర్క్యూటు వాటిని నేరుగా తెర మీద వెలిగించగలదు. మరి నష్టం? మీరే లెక్క కట్టండి. 26 గడుల్లో మొత్తం 6,71,08,864 వేర్వేరు సంఖ్యలు పడతాయి. సెకండుకు 25 ఫ్రేముల చొప్పున వాడుకుంటే 31 రోజులకు సరిపోయేవి. కానీ విడి అంకెల పద్ధతిలో, 23:59:59:24 దాటగానే మళ్లీ 00:00:00:00. అంటే వాడుకున్నవి 21,60,000 పేర్లే. నెల రోజుల స్థలంలో ఒక్క రోజే పట్టించారన్నమాట!

ఇందుకు ఆ ఇంజనీర్లను తప్పు పట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. అప్పటి టేపు చుట్ట నిడివి గంటా రెండు గంటలు. ఇరవై నాలుగు గంటల గోడ వాళ్లకు ఊరి పొలిమేర అవతల ఉన్న గోడ. పైగా మనిషి కంటితో చదివి, నోటితో చెప్పి, కాగితం మీద రాసుకోగల పేరు కావాలి. ఒక ఎడిటరు ఫోనులో మరొకరికి “పది గంటల రెండు నిమిషాల పదిహేను సెకండ్ల ఎనిమిదో ఫ్రేము దగ్గర కోయండి” అనగలగాలి. యాభై ఏళ్లకు పైగా ఆ మాట చెల్లుతోంది. “తొమ్మిది లక్షల మూడు వేల మూడు వందల ఎనభై మూడు దగ్గర కోయండి” అంటే ఎన్నిసార్లు తప్పు రాసుకునేవారో ఆలోచించండి. అది కూడా అదే ఫ్రేము మరి!

గోడ ఎప్పుడు అడ్డం తగులుతుంది? ఒక తెలుగు పెళ్లి తీసుకుందాం. మన ముహూర్తాలు అర్ధరాత్రి దాటాక రావడం కొత్తేమీ కాదు. రాత్రి 12 గంటల 40 నిమిషాలకు ముహూర్తమనుకోండి. మూడు కెమేరాలు తీస్తున్నాయి. మూడింటి టైమ్‌కోడ్‌నూ చేతి గడియారంతో కలిపి వదిలేశారు. అలా చేస్తే తరవాత మూడు కెమేరాల బొమ్మలనూ జత చేయడం సులువు. గౌరీపూజ 23:10:00:00 దగ్గర మొదలైంది. పన్నెండు కొట్టగానే అంకెలు సున్నా అయ్యాయి. జీలకర్ర బెల్లం 00:40:00:00, తలంబ్రాలు 01:05:00:00. తెల్లవారి ఎడిటరు “టైమ్‌కోడ్ వరసలో పేర్చు” అని కంప్యూటరుకు చెబితే అది బుద్ధిగా తలంబ్రాలు పోయించి, ఆ తరవాత గౌరీపూజ చేయిస్తుంది! ఇక 23:50కి మొదలై 00:20కి ముగిసిన ఫైలు నిడివి ఎంత? ముగింపులోంచి మొదలును తీసేస్తే ఇరవై మూడున్నర గంటలు తక్కువ సున్నా. అరగంట వీడియోకు రుణ సంఖ్య వచ్చిందన్నమాట.

ఈ చిక్కు మనకు కొత్తది కాదు. ప్రభవ నుంచి అక్షయ దాకా మన సంవత్సరాలకు 60 పేర్లు. అరవై అయ్యాక మళ్లీ ప్రభవ. పాత దస్తావేజులో “ప్రభవ నామ సంవత్సరం” అని మాత్రమే ఉంటే అది 1927లో మొదలైన ప్రభవా, 1987లో మొదలైనదా, అంతకు ముందుదా? అందుకే మన శాసనాల్లో చాలావాటిలో శక సంవత్సరం సంఖ్యను కూడా చెక్కించారు. తిరిగి తిరిగి వచ్చే పేరు పక్కన, తిరిగి రాని సంఖ్య ఒకటి. చరిత్రకారులకు అదే ఆధారం.

టైమ్‌కోడ్‌లో అలాంటి శకాంకం లేదు. వాడేవారి ఇష్టానికి వదిలిన 32 గడుల్లో తేదీ రాసుకోవచ్చు. నాలుగేసి గడులకు ఒక అంకె చొప్పున సరిగ్గా ఎనిమిది అంకెలు పడతాయి. రోజుకు రెండు, నెలకు రెండు, సంవత్సరానికి నాలుగు. అతికినట్టు సరిపోయింది! కానీ రాసి తీరాలన్న నియమం లేదు. ఒకరు తేదీ రాస్తే మరొకరు టేపు నంబరు రాసుకున్నారు. ఇంకొకరు ఏమీ రాయలేదు. ఇష్టానికి వదిలిన స్థలం మీద ఎవరూ ఆధారపడలేరు. ఈ ప్రమాణంలో నాకు కనిపించే మొదటి అసలు లోపం ఇదే. గోడ ఉండటం కాదు, గోడ ఎన్నిసార్లు దాటామో రాసుకునే చోటు తప్పనిసరి కాకపోవడం.

రెండో చిక్కు అమెరికాలో పుట్టింది. అక్కడి నలుపు తెలుపు టీవీలో సెకండుకు 30 ఫ్రేములు ఉండేవి. 1953లో రంగుల టీవీ ప్రమాణం వచ్చినప్పుడు, రంగును మోసే తరంగమూ శబ్దాన్ని మోసే తరంగమూ కలిసి తెర మీద చారలు పుట్టించకుండా, ఫ్రేముల వేగాన్ని 1001వ వంతు తగ్గించారు. ఇప్పుడు సెకండుకు సుమారు 29.97. ఫ్రేములో మూడు వందల భాగం ఎలాగూ పేరు పెట్టించుకోదు కాబట్టి టైమ్‌కోడ్ 30 చొప్పునే లెక్కపెట్టుకుంటూ పోయింది. దాంతో గోడ గడియారంలో గంట పూర్తయ్యేసరికి టైమ్‌కోడ్ ఇంకా 00:59:56:12 దగ్గరే ఉంటుంది. 3.6 సెకండ్ల వెనకబాటు. టైమ్‌కోడ్ చూసి సరిగ్గా గంట కార్యక్రమం తయారుచేస్తే దాని తోక తరవాతి ప్రకటన మీదికి పాకుతుంది. రోజుకు తేడా 86.4 సెకండ్లు.

దీనికి కనిపెట్టిన మందు పేరు డ్రాప్ ఫ్రేమ్. ఆ పేరు విని ఫ్రేములు పారేస్తారని చాలామంది అనుకుంటారు. ఒక్క ఫ్రేము కూడా పోదు. మన పంచాంగంలో క్షయ తిథి సంగతి తెలుసా? సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ పేరు. ఒక్కోసారి పంచమి ఒక సూర్యోదయం తరవాత మొదలై, మరుసటి సూర్యోదయానికి ముందే ముగుస్తుంది. దాంతో చవితి రోజు తరవాతి రోజు షష్ఠి అవుతుంది. పోయింది రోజు కాదు, పేరు. డ్రాప్ ఫ్రేమ్ కూడా అంతే. 00:00:59:29 తరవాతి ఫ్రేముకు 00:01:00:00 అని కాక 00:01:00:02 అని పేరు పెడతారు. ప్రతి నిమిషం మొదట రెండు పేర్లు దాటవేస్తారు. 00, 10, 20, 30, 40, 50 నిమిషాల దగ్గర మాత్రం దాటవేయరు. గంటకు 54 సార్లు రెండేసి, అంటే 108 పేర్లు. 108 ఫ్రేములంటే ఆ 3.6 సెకండ్లే. లెక్క దాదాపు సరిపోయింది. దాదాపు అని ఎందుకంటున్నానంటే ఇంకా రోజుకు 0.086 సెకండు, అంటే రెండున్నర ఫ్రేముల పైచిలుకు, తేడా మిగులుతుంది. ప్రసార కేంద్రాల్లో రోజుకొకసారి అంకెలను గడియారంతో మళ్లీ కలుపుకుంటారు.

ఉపాయం తెలివైనదే. కానీ పేరును కొలతగా నడిపించడానికి పెట్టిన వెల చూడండి. ఒకే 29.97 వేగానికి ఇప్పుడు రెండు రకాల పేర్లు. రెండు టైమ్‌కోడ్‌ల మధ్య నిడివి కావాలంటే, అవి ఏ రకంవో తెలిస్తే గాని తీసివేత చేయలేరు. మనకు ఈ తలనొప్పి తప్పింది. 1982లో మన దేశంలో రంగుల ప్రసారాలు మొదలైనప్పుడు వచ్చిన పాల్ పద్ధతిలో 25 అంటే కచ్చితంగా 25. అయితే ఇక్కడ కూర్చుని అమెరికా కార్యక్రమాలకు సబ్‌టైటిళ్లు, గ్రాఫిక్స్ చేసేవారు ఈ క్షయ తిథులు నేర్చుకోక తప్పదు.

ఇక ఫైళ్ల దగ్గరికి వద్దాం. టేపు పోయి ఫైలు వచ్చింది. ఫైలును కంప్యూటరు చదువుతుంది. దానికి భాగహారం చిటికెలో పని. అంకెలను విడివిడిగా దాచే అవసరం తీరిపోయింది. కొన్ని ఫైలు పద్ధతులు దీన్ని చక్కగా గ్రహించాయి. యాపిల్ కంపెనీ క్విక్‌టైమ్ పద్ధతి చూడండి. బొమ్మకు ఒక పట్టా, శబ్దానికి ఒక పట్టా ఉన్నట్టే టైమ్‌కోడ్‌కూ వేరే పట్టా. అందులో దాచేది 01:00:00:00 అన్న పేరు కాదు. 32 బిట్ల మామూలు సంఖ్య ఒకటి, పక్కన ఆ సంఖ్యను ఎలా చదవాలో చెప్పే నియమం. సెకండుకు ఎన్ని ఫ్రేములు, పేర్లు దాటవేయాలా వద్దా, 24 గంటల దగ్గర సున్నా కావాలా వద్దా, సున్నా కంటే తక్కువ విలువలు ఉండవచ్చా అన్నవి ఆ నియమంలోనే ఉంటాయి.

ఇది ఎందుకు మంచిదో ఒక ఉదాహరణతో తేల్చుకుందాం. ఫైలులో 90,000 అని ఉంది. నియమం 25 అంటే దాని పేరు 01:00:00:00. నియమం 24 అంటే 01:02:30:00. నియమం 30 అంటే 00:50:00:00. అదే 30కి డ్రాప్ ఫ్రేమ్ కలిపితే 00:50:03:00. సంఖ్య ఒక్కటే, పేర్లు నాలుగు. సంఖ్యనూ నియమాన్నీ కలిపి దాస్తే మోసానికి తావు లేదు. ఎనిమిది అంకెలు మాత్రమే దాచి నియమాన్ని మరో మూల పెడితే, ఎవరో ఒకరు ఒకదాన్ని తెచ్చి రెండోదాన్ని వదిలేస్తారు. పద్ధతిగా చూస్తే క్విక్‌టైమ్ పట్టాకు నేను మంచి మార్కులే వేస్తాను. 24 గంటల గోడ కూడా అందులో ఒక ఐచ్ఛికం. సున్నాకు పైనున్న సంఖ్యలు మాత్రమే వాడినా సెకండుకు 25 చొప్పున 994 రోజులు నడుస్తుంది. సెకండుకు ఎన్ని ఫ్రేములో రాసే గడులు ఎనిమిదే కాబట్టి 255 దాటలేదు. ఇది మాత్రం పిసినారితనం.

అయితే పద్ధతి వేరు, ఆచరణ వేరు. ఆ పట్టాలో ఎన్ని సంఖ్యలైనా రాసుకోవచ్చు. కానీ మామూలుగా రాసేది ఒక్కటే, మొదటి ఫ్రేము సంఖ్య. తరవాతి ఫ్రేములన్నీ దాని వెనక వరసగా ఉంటాయని నమ్మకం. కొత్తగా కెమేరాతో తీసిన ఫైలుకు ఆ నమ్మకం చాలు. పాత టేపులను ఫైళ్లుగా మార్చేటప్పుడు చాలదు. టేపు మీద టైమ్‌కోడ్ ఒకే పరుగు కాదు. కెమేరా ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట గెంతుతుంది. 10:10:20:00 తరవాతి ఫ్రేమే 13:05:00:00 కావచ్చు. మొదటి సంఖ్య ఒక్కటే తీసుకుని మిగతా వరస సాపు చేసేస్తే, ఆ గెంతులన్నీ చెరిగిపోతాయి.

పోతే పోయింది, బొమ్మలు ఉన్నాయి కదా అంటారా? ఒక ఆర్కైవ్‌ను ఊహించుకోండి. వందల టేపులు. వాటితో పాటు చేతిరాత రిజిస్టర్లు. “టేపు 212, 13:07:12:10, ఉప్పెన తరవాత ఊరు” అని ఒక వరస. దశాబ్దాల కిందట ఎవరో కూర్చుని ప్రతి టేపూ చూసి రాసినది. టేపులోకి పోవడానికి ఆ వరస ఒక్కటే తాళంచెవి. ఫైలులో 13:07:12:10 అన్న ఫ్రేమే లేకపోతే, ఉన్నా అక్కడ ఇంకేదో కనిపిస్తే, ఆ రిజిస్టరు చిత్తు కాగితం. టేపు ఆడించే యంత్రాలు ఏటేటా అరుదవుతున్నాయి. మళ్లీ ఎక్కిద్దామన్నా వీలుండని రోజు దూరంలో లేదు. బొమ్మ నాణ్యత గురించి ఎంతో చర్చించేవారు ఈ ఎనిమిది అంకెల గురించి అడగకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ఫైలులో మరో గందరగోళం, గడియారాలు ఎక్కువ కావడం. టైమ్‌కోడ్ పట్టా కాక ఎంపీ4 ఫైలు ముఖపత్రంలో నిడివి రాసే చోటు ఒకటుంది. పాత రకంలో అది 32 బిట్లు. సెకండును 90,000 భాగాలు చేసి లెక్కిస్తే 13 గంటల 15 నిమిషాలకే అది నిండిపోతుంది. కొత్త రకంలో 64 బిట్లు ఇచ్చి ఈ బాధ తీర్చారు. ఆ పక్కనే ఫైలు పుట్టిన తేదీ. 1904 జనవరి 1 నుంచి సెకండ్లలో లెక్క. పాత 32 బిట్ల రకంలో అది 2040 ఫిబ్రవరి 6న నిండుతుంది.

డిజిటల్ టీవీ ప్రసారాల్లో వాడే ఎంపెగ్ గడియారం ఇంకో రకం. దానికి 33 బిట్లు. ఇదేం లెక్క, 32 కాకుండా 33? 90,000 భాగాల చొప్పున 32 బిట్లు రోజులో సగం దాటి కాస్త దూరమే పోతాయి. ఇంకొక్క బిట్ చేరిస్తే 26 గంటల 30 నిమిషాలు. రోజు పూర్తిగా పట్టింది. ఆ ఒక్క బిట్ కోసం సంఖ్యను 3, 15, 15 బిట్ల ముక్కలు చేసి, మధ్యలో గుర్తు బిట్లు పెట్టి పంపవలసి వచ్చింది. ఎడతెగని ప్రసారంలో ఈ లెక్క 26 గంటల 30 నిమిషాలకోసారి సున్నా అవుతూనే ఉంటుంది. మీ సెట్‌టాప్ పెట్టె ఆ సంగతి తెలిసినదే కాబట్టి మీకు తెలియకుండా సర్దుకుంటుంది. చూశారా, ఇదీ గోడే. కానీ ఇది పేరు పెట్టదు, కొలుస్తుంది అంతే. సున్నా అయినా గొడవ లేదు. ఏ పని ఏ గడియారానిదో స్పష్టంగా ఉన్నప్పుడు పరిమితి పెద్ద దోషం కాదు.

అసలు దోషం మరోచోట ఉంది. ఫ్రేముల జతకు పదుల స్థానంలో రెండే గడులు అన్నాను కదా. 39 దాటి రాయలేరు. సెకండుకు 50, 60 ఫ్రేములు వచ్చాక ఏం చేశారు? రెండేసి ఫ్రేములకు ఒకే పేరు పెట్టి, అన్నా తమ్ముడా అని చెప్పడానికి ఒక సూచన బిట్‌ను వాడారు. తరవాత వచ్చిన ప్రమాణంలో 120 దాకా ఇలాగే గుంపులు చేశారు. టేపు కాలంలో అది తప్పనిసరి. ఫైలులో స్థలానికి కరువు లేని రోజుల్లోనూ పాత కంచెను అలాగే ఉంచి, లోపల ఇరుకుగా సర్దుకోవడం దేనికి? పాత యంత్రాలతో కలిసి నడవాలన్న జవాబు కొంతవరకే ఒప్పుకోదగ్గది.

శబ్దం వైపువారు ఇంతకంటే నయం. ప్రసార సంస్థలకోసం 1997లో యూరప్‌లో రూపొందిన బ్రాడ్‌కాస్ట్ వేవ్ ఫైలులో అర్ధరాత్రి నుంచి ఎన్ని శబ్ద నమూనాలు గడిచాయో 64 బిట్ల సంఖ్యగా రాస్తారు. తేదీకి ప్రత్యేకంగా పది అక్షరాల చోటు కేటాయించారు. అంటే సంఖ్యా ఉంది, శకాంకమూ ఉంది. పెళ్లి కథలో వీడియో ఫైళ్లకు లోటైనది ఇదే. స్టూడియోల మధ్య మార్పిడికి వాడే ఎం.ఎక్స్.ఎఫ్. ఫైలు కూడా మొదటి ఫ్రేముకు 64 బిట్ల సంఖ్య, పక్కన ఫ్రేముల వేగం, డ్రాప్ ఫ్రేమ్ అవునా కాదా అన్నది కలిపి దాస్తుంది. దారి తెలియక కాదన్నమాట. తెలిసిన దారిలో అందరూ నడవలేదు, అంతే.

మీ దగ్గర ఏదైనా వీడియో కెమేరా ఫైలు ఉంటే ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అనే ఉచిత ప్రోగ్రాముతో తెరచి చూడండి. టైమ్‌కోడ్ ఉంటే కనిపిస్తుంది. చివరి రెండు అంకెలకు ముందు రెండు చుక్కల బదులు, చుక్కా కామా కలిసిన గుర్తు ఉందంటే అది డ్రాప్ ఫ్రేమ్. పక్కనే ఫ్రేముల వేగం 30000/1001 అని భిన్నంగా కనిపించినా ఆశ్చర్యపోకండి. 29.97 అసలు విలువ అదే. చాలా ఫోన్లు తీసిన ఫైళ్లలో టైమ్‌కోడ్ అసలు ఉండదు. పైగా వెలుతురును బట్టి, వేడిని బట్టి ఫోను ఫ్రేముల వేగాన్ని మధ్యలో మార్చేస్తుంది కూడా. సెకండుకు ఎన్ని ఫ్రేములో స్థిరంగా లేని చోట 01:23:45:12 అన్న పేరులో చివరి 12కు అర్థమేమిటో మీ స్నేహితులతో కూర్చుని తేల్చండి.